చూడనిది చెప్పని గొంతు

నా లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ ఉంది. అందులో నూట నలభై మూడు ఫైళ్లు. ఒక్కో ఫైలులో ఒక్కో మాట, కొన్నిట్లో మాటలో సగం. రేపు, ఎల్లుండి, ఉదయం, సాయంత్రం, ఆరు, గంటల, లోపు, ప్రజలందరూ, బడి దగ్గర, నీళ్లు, చీరలు, మామిడి. పేర్లన్నీ అక్షరక్రమంలో పెట్టాను. ఆ మాట వాక్యం మొదట్లో పలికిందా చివర్లో పలికిందా అన్న గుర్తు కూడా ప్రతి పేరు పక్కన పెట్టాను. అన్నిట్లోనూ ఒకే మనిషి గొంతు. ఆ మనిషి ఈ ఎండాకాలం మొదట్లో పోయాడు. ఫోల్డర్‌ను తుడిచేద్దామని రెండుసార్లు కూర్చున్నాను. తుడిచెయ్యమంటావా అని కంప్యూటర్ అడిగితే రెండుసార్లూ వద్దనే నొక్కాను.

ఆషాఢంలో, గోదావరి పెరుగుతున్న ఒక రోజు, ఉదయం పదకొండు గంటలప్పుడు మైకు షాపు ఓనర్ ఫోన్ చేశాడు.

"తమ్మీ, మణుగూరులనే ఉన్నవా?"

"ఉన్న అన్నా."

"వాగు అవతలి ఊరోళ్లను సాయంత్రం ఆరు లోపట బడి కాడికి రమ్మని చెప్పాల్నట. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మామ గొంతు నీ కాడ ఉన్నది గద. ఒకటి చేసి పంపు."

"మామ లేడు గదన్నా."

"మామ లేకపోతే ఏంది, గొంతు ఉన్నది గద. ఆ ఊరోళ్లు ఆయన చెప్తెనే కదుల్తరు. నేను చెప్తే కదుల్తరా, నువ్వు చెప్తే కదుల్తరా? జల్దీ కానియ్."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ ఊరికి ఉన్నది ఒకటే దారి, వాగు మీద ఎత్తు తక్కువగా కట్టిన చప్టా. గోదావరి నిండితే నీళ్లు వెనక్కి తన్ని వాగులోకి ఎక్కుతాయి. చప్టా మునిగితే ఊరు అవతలే ఉండిపోతుంది, ఆ తర్వాత నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. ఊళ్లో నలభై ఇళ్లుంటాయి, ఎక్కువమంది కోయవాళ్లు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు వచ్చి భయపెట్టి పోతారని, అందులో సగంసార్లు నీళ్లే రావని వాళ్ల అనుభవం. మేకల్ని, కోళ్లని వదిలి ఊరికే లేచి రావడానికి వాళ్లకేం సరదా. ఆయన చెబితే మాత్రం లేచేవాళ్లు.

కావలసిన వాక్యం తయారుచెయ్యడానికి నాకు ఇరవై నిమిషాలు చాలు. శబ్దాన్ని ప్రోగ్రాంలో తెరిస్తే కనపడేది ఒక పొడుగాటి అంకెల వరస. సెకనుకు నలభై నాలుగు వేల నూరు అంకెలు. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని స్థానాలు చెబితే ఆ ముక్క బయటికొస్తుంది. ముక్క పక్కన ముక్క పెడితే వాక్యం అవుతుంది. మధ్యలో సున్నాలు నింపితే ఆగి మాట్లాడినట్టుంటుంది. ముక్క చివరి అంకెల్ని మెల్లగా తగ్గించుకుంటూ పోతే అతుకు తెలియదు. రోజూ నేను చేసే ఉద్యోగం ఇదే. హైదరాబాద్ కంపెనీకి ఇంట్లో కూర్చునే ఎవరెవరివో గొంతులు శుభ్రం చేసి పంపుతాను.

ఇరవై నిమిషాల పని ముందు పెట్టుకుని ఇరవై నిమిషాలు గదిలో అటూ ఇటూ తిరిగాను.

ఆయన్ని అందరూ మైకు మామ అనేవాళ్లు. నేనూ మామా అనే పిలిచేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. మణుగూరు నుంచి గోదావరి వైపు పోయే రోడ్డు మీద మైకు షాపు ఉంది. దాని ఆటోలో కూర్చుని ఊరూరా తిరిగి చెప్పడం ఆయన పని. ఆయన పుట్టిందెక్కడో, అంతకుముందు ఏం చేశాడో నాకు సరిగ్గా తెలియదు. తెలిసినవి వరసగా రాసుకుందామని ఒకసారి కాగితం తీశాను. ఒకటి, ప్యాంటు ఎప్పుడూ మోకాళ్లదాకా మడిచి ఉంటుంది. రెండు, గాలి వీస్తే తువ్వాలు మైకు మీద కప్పి, దాని వెనక నుంచి మాట్లాడతాడు. మూడు, కాగితం ఇస్తే చదువుకుని జేబులో పెట్టుకుంటాడు, చూసి చదవడు. నాలుగోది దగ్గర నా జాబితా ఆగిపోయింది. అది ఒక్క ముక్కలో రాసేది కాదు.

నాలుగోది ఏమిటంటే, తాను చూడనిది ఆయన మైకులో చెప్పడు.

బర్రె తప్పిపోయిందని ఎవరైనా వస్తే, దాన్నెలాగూ చూడలేడు కాబట్టి, వాళ్లింటికి పోయి ఖాళీ కట్టుగొయ్య చూసేవాడు. తెగిన తాడు చేత్తో పట్టుకునేవాడు. అప్పుడు ఆటో ఎక్కేవాడు. ఎవరైనా చనిపోయారని కాగితం తెస్తే, ముందు సైకిల్ మీద ఆ ఇంటికి పోయి, చెప్పులు విప్పి ఒక నిమిషం నిలబడి వచ్చేవాడు. షాపు ఓనర్‌కు ఇది పెద్ద తలనొప్పి.

"సచ్చిపోయిండని వాళ్లే రాసిచ్చిన్రు గదనే మామా. ఇంకా నువ్వు పోయి చూసేదేముంది?"

"కాగితం సావలే గదరా."

సత్తుపల్లి వైపు నుంచి ఒక వ్యాపారి మామిడికాయల లారీతో వచ్చాడు. తియ్యటి మామిడిపండ్లు అని చెప్పమని కాగితం రాసిచ్చాడు. ఈయన ఒక పండు కోయించుకుని తిన్నాడు. ఆటో కదిలింది. మొదటి మలుపులోనే మైకులో, "పుల్లటి కాయలు, పచ్చడికి మంచిగుంటయ్, తినేటందుకు కాదు" అని వినపడింది. వ్యాపారి లారీ దిగి వెంటపడ్డాడు. సాయంత్రానికి లారీ ఖాళీ అయింది. మర్నాడు అదే వ్యాపారి వచ్చి, "ఈసారి మీరే తిని, ఏది చెప్పాలనిపిస్తే అది చెప్పండి బాబాయ్" అన్నాడట.

వానాకాలంలో ఆయన రోజూ చప్టా దగ్గరికి పోయేవాడు. చప్టా పక్కన, వాగులోకి దిగే వాలు మీద, ఒకదానికంటే ఒకటి ఎత్తుగా నాలుగు రాళ్లు పాతాడు. ఏటా వానలకు ముందు వాటికి సున్నం కొట్టేవాడు. ఒకటో రాయి మునిగితే ఏమీ కాదు. రెండోది మునిగితే మేకల్ని ఇవతలికి తోలుకోవాలి. మూడోది మునిగితే రెండు గంటల్లో దారి బంద్. నాలుగోది చప్టా ఎత్తున ఉంటుంది, అది మునిగేదాకా ఆగితే ఇక చెప్పేదేం లేదు. ఆయన రోడ్డు మీద నిలబడి చూసేవాడు కాదు. నీళ్లలోకి దిగి, రాయి మీద చెయ్యి పెట్టి, తడిసిన కాళ్లతోనే ఊళ్లోకి పోయేవాడు. ఆ ఊళ్లో ఒక ముసలమ్మ ఉంది, ఆమె గుడిసె ముందు రెండు మేకలు కట్టి ఉంటాయి. ప్రతిసారీ ఆమె ఒక్కటే అడిగేదట. చూసినవా? ఆయన కాళ్లు చూపించేవాడు. ఆమె మేకల్ని విప్పేది. ఆమె మేకలు విప్పితే ఊరు కదిలినట్టే.

నేను ఇంజినీరింగ్ అయిపోయి, మా నాన్న బొగ్గుబావిలో రిటైరైన తర్వాత కొన్న ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు ఆయనతో పరిచయమైంది. వైద్య శిబిరం గురించి ఒక ప్రకటన రికార్డు చేసివ్వమని షాపు ఓనర్ పంపాడు. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, మైకు ముందు కూర్చోబెట్టాను. ఆయన నోరు తెరవలేదు.

"ఎవలకు చెప్పాలె? గోడకా?"

"రికార్డింగే గద మామా. ఎవరో ఉన్నరనుకో."

"అనుకునుడెందుకు." వంటింటి వైపు తిరిగి మా అమ్మను పిలిచాడు. "అక్కా, జరసేపు గిట్ల కూసో. నీకు చెప్తున్న అనుకో."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఆయన మొదలుపెట్టాడు. ఒక వాక్యం చెప్పి, వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ మూడు లెక్కపెట్టుకుని, రెండో వాక్యం చెప్పాడు. శిబిరానికి వచ్చిన డాక్టర్లను ముందు రోజే కలిసి, మందుల డబ్బాలు చూసి వచ్చాడు. ఏయే డబ్బాలు చూశాడో అవే చెప్పాడు. అయిపోయాక అమ్మ, "బీపీ గోళీలు కూడా ఇస్తరా?" అని అడిగింది. "డబ్బాలైతే ఉన్నయక్కా, ఇస్తరో ఇయ్యరో నేను చూడలే" అన్నాడు.

ఆయన ఇంటికి వెళ్లిపోయాక ఫైలు తెరిచాను. రెండు నిమిషాల రికార్డింగులో ముప్పాతిక నిమిషం ఖాళీ. ఖాళీ అంటే సున్నాలు కావు. మూడు, మైనస్ రెండు, అయిదు, మైనస్ ఒకటి, అలా చిన్న చిన్న అంకెలు. ఆయన ఊపిరి, కుర్చీ, బయట ఎక్కడో కోడి. నేను నాలుగు వరసల ప్రోగ్రాం రాశాను. ఇంతకన్నా చిన్న అంకెలు అర సెకను పైన వరసగా ఉంటే తీసెయ్. నొక్కితే రెండు నిమిషాలు ఒకటింబావు అయింది. నీటుగా, చురుగ్గా, రేడియోలో వచ్చినట్టుంది. మర్నాడు ఆయన చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను.

"ఎవలో తరుముతున్నట్టున్నది అల్లుడా."

"ఇప్పుడందరూ గట్లనే వింటరు మామా. ఖాళీ ఉంటే ఆగరు."

ఆయన వాదించలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ముగ్గురం ఆటోలో ఆ చప్టా దాటి అవతలి ఊరికి పోయాం. ఓనర్ నడుపుతున్నాడు, ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఊరి వెనక గుట్ట ఉంది, గుట్ట నిండా అడవి. ఫైలు పెట్టాం. మొదటి వాక్యం ఆటో మీది మైకు హారన్‌లోంచి పోయి గుట్టకు కొట్టుకుని వెనక్కి వచ్చేసరికి రెండో వాక్యం సగంలో ఉంది. రెండోది తిరిగొచ్చేసరికి మూడోది. ఒక మాటా తెలియడం లేదు. ముసలమ్మ గుడిసెలోంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందయ్యా, నీలో నువ్వే కొట్లాడుకుంటున్నవా?"

పక్క గుడిసెలో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. ఫైలు ఆపేసి, మైకు తీసుకుని, ఒక వాక్యం చెప్పాడు. చెయ్యి తొడ మీద పెట్టి కణుపులు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. గుట్ట ఆయన గొంతును తిరిగి పంపింది. అది పూర్తిగా ఆగాక రెండో వాక్యం చెప్పాడు. తెలుగులో అయ్యాక మళ్లీ మొదటి నుంచి కోయలో, అదే లెక్కతో చెప్పాడు.

తిరిగి వస్తుంటే అడిగాను. "ప్రతి ఊళ్లో మూడేనా మామా?"

"రోడ్డు పక్క ఊర్లల్ల ఒకటి సాలు. గీ ఊరికి మూడు. ఏటి ఒడ్డుకు పోతే లెక్కనే అక్కర్లే, ఏరు మింగేస్తది."

ఇంటికొచ్చి లెక్క వేశాను. గుట్ట సుమారు అర కిలోమీటరు. ధ్వని పోయి రావడానికి దాదాపు మూడు సెకన్లు. మూడు కణుపులు. అంకెల్లో చెప్పాలంటే లక్షా ముప్పై రెండు వేల మూడు వందల చిన్న చిన్న అంకెలు. చెత్త అనుకుని నేను తీసేసినవి అవే.

ఇక్కడితో ఆగితే ఆయన ముందు నేను ఓడిపోయిన కథ అయ్యేది, నాకూ హాయిగా ఉండేది. తర్వాతి ఏడాది ఆయన గొంతు పాడైంది. చెప్పేటప్పుడు మధ్యలో దగ్గు. "మాటలన్నీ ఒకసారి రికార్డు చేసి పెట్టుకుందాం, మామకు రెస్ట్ ఉంటది" అని ఓనర్ అన్నాడు. నాకూ నిజంగా అలాగే అనిపించింది. వారం రోజులు మా ఇంట్లో కూర్చోబెట్టి, మా అమ్మ ఎదురుగా ఉండగా, రోజుకు ఇరవై వాక్యాలు, తెలుగులోనూ కోయలోనూ, చెప్పించాను. తర్వాత వాటిని ముక్కలు చేశాను. తెలుగువి మాత్రమే. కోయ వాక్యాల్లో ఒక మాట ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. అంకెలు చూస్తే తెలియదది, భాష వచ్చినవాడికే తెలుస్తుంది. కాబట్టి వాటిని వదిలేశాను.

ముక్కలు సిద్ధమయ్యాక, ఆయనకు చూపించాలన్న ఉబలాటంతో ఆయన ఎన్నడూ చెప్పని వాక్యం ఒకటి కూర్చాను. రేపు ఉదయం బడి దగ్గర మామిడిపండ్ల సంత. ఈసారి ఖాళీలు కూడా సరిగ్గా పెట్టాను, మూడేసి సెకన్లు. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఇది నేనెప్పుడు చెప్పిన?"

"చెప్పలే మామా. నేను కలిపిన."

"మామిడిపండ్లు నువ్వు చూసినవా?"

"లే. ఊరికే, ఎట్లుంటదో చూద్దామని."

"మరెవలు చూసిన్రు?"

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి, చెవి తగిలిన చోట తువ్వాలుతో తుడిచి, రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. కోపంగా పెట్టినట్టు లేదు. వేరేవాళ్ల వస్తువు పాడవకుండా తిరిగిచ్చినట్టు పెట్టాడు. లేచి గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"అల్లుడా, నా గొంతుకు కాళ్లు లేకుంట జేసినవ్."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. అది నవ్వే మాట కాదని నాకు అర్థమయ్యేసరికి ఆయన సైకిల్ ఎక్కేశాడు.

ఆ తర్వాత షాపు ఓనర్ ఆయన్ని పిలవడం తగ్గిపోయింది. ఆపేయాలని ఎవరూ అనుకోలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే నాకు ఫోన్ చేస్తే అరగంటలో ఫైలు వచ్చేది. ఆయనైతే ముందు పోయి చూడాలి, పండు తినాలి, తాడు పట్టుకోవాలి. నేను చేసే ప్రతి ఫైలులో ఆయన ఏమీ చూడకుండా అన్నీ చెప్పేవాడు. పోయిన వానాకాలం ఆయన మైకు లేకుండానే సైకిల్ మీద చప్టా దాకా పోయి, కాళ్లు తడుపుకుని, ఇంటింటికీ తిరిగి చెప్పాడట. ఒకసారి దారిలో కనపడితే బండి ఆపాను. "ఏందల్లుడా, నేనింకా మాట్లాడుతున్ననా?" అని అడిగాడు. "మొన్న ఎరువుల గురించి చెప్పినవ్ మామా" అన్నాను. "మంచిగ చెప్పిన్నా?" అన్నాడు. నేను బండి స్టార్ట్ చేశాను.

ఆయన పోయిన రోజు నేను వాళ్లింటికి పోయాను. గుమ్మం ముందు పదిమంది ఉన్నారు. అత్త, అంటే ఆయన భార్య, తల దగ్గర కూర్చుంది. అప్పుడు మెయిన్ రోడ్డు మీంచి ఆయన గొంతు వినపడింది. ప్రజలందరికీ మనవి. బడి దగ్గర. కొత్త చీరలు. చౌక ధరలకు. నేను చేసిన ఫైలే. ఆటో తోలుతున్నది ఇంకో ఊరి డ్రైవర్, అతనికి సంగతి తెలియదు. అందరూ బిగుసుకుపోయారు. ఒకతను ఆటోను ఆపడానికి పరుగెత్తబోయాడు. అత్త చెయ్యెత్తి ఆపింది.

"ఎందుకు ఆపుతరు, పోనియ్యున్రి. ఆయన చూడంది చెప్పడు. మంచి చీరలే అయితయ్."

ఆ చీరలు ఆయన చూడలేదు. చీరలు అన్న మాట ఆయన ఏడాది కింద మా అమ్మ కట్టుకున్న చీర చూసి చెప్పాడు. చౌక అన్నది ఎరువుల వాక్యంలోది. ఈ రెండు సంగతులూ ఆ గుమ్మం దగ్గర నాకొక్కడికే తెలుసు. చెప్పలేదు. చెప్పకుండా దండం పెట్టి వచ్చేశాను. అప్పటినుంచి కంపెనీ పనిలో ఎవరి రికార్డింగు వచ్చినా, ఖాళీలు తీసేసే ఆ నాలుగు వరసలు నొక్కే ముందు, ఖాళీలన్నీ కూర్చుని వింటున్నాను. పని ఆలస్యమవుతోందని మేనేజర్ రెండుసార్లు అడిగాడు. ఏం చెప్పాలో తెలియక నెట్ బాగాలేదని చెప్పాను.

ఇవన్నీ గదిలో అటూ ఇటూ తిరుగుతూ తలచుకున్నవే. పదకొండున్నరకు ఓనర్ మళ్లీ ఫోన్ చేశాడు. "అయిందా?" నలభై ఇళ్ల సంగతి అది. వాళ్లు ఆయన గొంతునే నమ్ముతారు. నాకు ఇష్టమా కాదా అన్నది అక్కడ ఎంత చిన్న విషయం. కూర్చుని చేశాను. వాగు నీళ్లు పెరుగుతున్నాయి. ప్రజలందరూ. సాయంత్రం ఆరు గంటల లోపు. బడి దగ్గరికి రావాలి. వాక్యానికీ వాక్యానికీ మధ్య మూడు సెకన్లు. చివర్లో, వాగు గురించి ఆయన కోయలో చెప్పిన వాక్యం ఒకటి, ముక్కలు చెయ్యనిది, అలాగే పెట్టాను. ఫైలు పంపలేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, నేనూ వస్తానన్నాను.

"నువ్వెందుకు వానల?" అన్నాడు ఓనర్.

"చూడాలన్నా."

"ఏం చూస్తవ్?"

చప్టా దగ్గరికి చేరేసరికి ఒంటిగంట అవుతోంది. నీళ్లు ఎర్రగా, చప్పుడు లేకుండా, వెనక్కి ఎక్కుతున్నాయి. రాళ్లు కనపడలేదు. ఈ ఏడు వాటికి సున్నం కొట్టినవాళ్లు లేరు. రోడ్డు మీంచి చూస్తే అంతా ఒకటే రంగు. నాలుగో రాయి మాత్రం నాచు పట్టి చప్టా అంచున ఉంది.

"దాటుదాం తమ్మీ, ఇంకా టైముంది. ఆరు దాంక ఉన్నది గద."

నేను ప్యాంటు మడిచాను. మోకాళ్లదాకా మడవడం ఎప్పుడూ అలవాటు లేదు, సరిగ్గా నిలవలేదు. నాలుగో రాయి పట్టుకుని వాలు మీద దిగాను. నీళ్లు అనుకున్నదానికన్నా చల్లగా ఉన్నాయి. పాదంతో వెతికాను. బురద, తుప్ప, మళ్లీ బురద. తర్వాత గట్టిగా, చదునుగా అరికాలికి తగిలింది. మూడో రాయి. దాని మీద నీళ్లు నా మోకాలి దాకా ఉన్నాయి.

"అన్నా, మూడోది ఎప్పుడో మునిగింది."

కాగితం రాసినవాళ్లు పొద్దున్నే రాశారు, అప్పటికి అది నిజమే అయి ఉంటుంది. నీళ్లు కాగితం కన్నా ముందు నడిచాయి. నా జేబులో ఉన్న ఫైలు ఆరు గంటల లోపు అని చెబుతుంది. ఆ గొంతుతో చెబుతుంది కాబట్టి వాళ్లు నమ్ముతారు. నమ్మి, అన్నం తిని, నాలుగింటికి మూటలు కట్టడం మొదలుపెడతారు. మూడింటికే దారి ఉండదు. ఇప్పుడే రండి అన్న మాట కోసం ఫోల్డర్‌లోని పేర్లన్నీ తలలోనే వెతికాను. ఉదయం ఉంది, సాయంత్రం ఉంది, రేపు ఉంది. ఇప్పుడే అన్నది లేదు. మా అమ్మ ఎదురుగా కూర్చుని ఉంటే, మా ఇంటి గదిలో, ఇప్పుడే అనాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

చప్టా దాటాం. గుట్ట కింద ఆటో ఆపాం. ఓనర్ పెన్‌డ్రైవ్ కోసం చెయ్యి చాపాడు. నేను మైకు తీసుకున్నాను. వాన గాలికి హారన్ బుస్సుమంటోంది. ఏం చెయ్యాలో గుర్తొచ్చి, ఓనర్ మెడలోని తువ్వాలు లాగి మైకు మీద కప్పాను.

"చప్టా కాడ మూడో రాయి మునిగింది."

నా గొంతు నాకే సన్నగా, పరాయిగా వినపడింది. వెంటనే రెండో వాక్యం నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. బొటనవేలు కణుపు మీద పెట్టాను. ఒకటి. గుడిసెల ముందుకు ఒకరిద్దరు వచ్చారు. రెండు. మూడు. గుట్ట నా మాట నాకు పంపింది, ఆగిపోయింది.

"ఇప్పుడే లేవాలె. ఆరు దాంక ఆగొద్దు."

ముసలమ్మ ఆటో దగ్గరికి వచ్చింది. ముందు హారన్ వైపు, తర్వాత లోపల కూర్చున్న మా ఇద్దరి వైపు చూసింది.

"ఆయన గొంతు కాదిది."

"కాదవ్వా. నాది."

"నువ్వెవలు?"

"ఆయన అల్లుణ్ణి."

అలా ఎందుకన్నానో తెలియదు. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

"చూసినవా?"

నేను ఆటోలోంచి కాలు బయటికి పెట్టాను. మడత ఊడిపోయి, మోకాలి దాకా ఎర్ర నీళ్లు కారుతున్న ప్యాంటు. ఆమె వంగి, బురద ఎంతవరకు అంటిందో వేలితో తాకి చూసింది. నా ముఖం వైపు చూడలేదు. వెనక్కి తిరిగి గుడిసెల వైపు కోయలో ఏదో గట్టిగా కేకేసింది. ఆ మాటల్లో ఏది ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు. తర్వాత ఆమె పోయి మేకల తాడు విప్పడం మొదలుపెట్టింది.